పల్లెపాట - ధ్వనిముద్రణ

జానపద గేయం నోటి నుంచి నోటికి సాగే సాహిత్యం. హుజూరాబాద్ పరిసర గ్రామాల్లో వరినాట్ల వేళ ఒకరు చరణం ఎత్తుకుంటే తక్కినవారు పల్లవి అందుకుంటారు. పని సాగినంతసేపూ పాట సాగుతుంది. పాడేవారి నేర్పును బట్టి చరణాలు పెరుగుతాయి, తరుగుతాయి. అందువల్ల ఒకే పాట ఊరికొక తీరుగా వినిపిస్తుంది. అటువంటి పాట ధ్వనిముద్రణశాలకు చేరినప్పుడు ఏం పొందుతుంది? ఏం కోల్పోతుంది?

జానపద బాణీలో నేటి బతుకును పాడిన వాగ్గేయకారుడు గోరటి వెంకన్న. ఆయన స్వగ్రామం నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం. ఆయన సభల్లో పాడిన 'పల్లె కన్నీరు పెడుతుందో' గేయం 2002లో 'కుబుసం' చిత్రంలో చేరింది. వందేమాతరం శ్రీనివాస్ దానికి సంగీతం కూర్చి, స్వయంగా పాడారు. క్యాసెట్ల ద్వారా ఆ పాట ఇల్లిల్లూ చేరింది. ప్రపంచీకరణ వల్ల చేతివృత్తులు కూలిపోవడం అందులోని వస్తువు. సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు పత్రికలకెక్కిన రోజులవి. కనుక కరీంనగర్ శ్రోతలకు అది పరాయి పాట కాలేదు. వెంకన్న 'వల్లంకి తాళం' కావ్యానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఇతర దేశాల పల్లెపాటకూ ఇటువంటి ప్రయాణమే ఉంది. అమెరికాలో పల్లెపాటల నుంచి ఎదిగిన సంగీతాన్ని 'కంట్రీ' అంటారు. ఆ సంగీతంలో పేరు పొందిన గాయని లొరెట్టా లిన్ (1932-2022) కెంటకీ రాష్ట్రంలో బొగ్గుగని కార్మికుని ఇంట పుట్టారు. గోదావరిఖని, మందమర్రి గనులను ఎరిగిన మనకు ఆ బతుకు కొత్త కాదు. తన బాల్యాన్ని ఆమె 'కోల్ మైనర్స్ డాటర్' అనే పాటగా రాశారు. 1970లో విడుదలైన ఆ పాట కంట్రీ పాటల పట్టికలో ప్రథమస్థానం పొందింది. అదే పేరుతో వచ్చిన ఆల్బమ్ కూడా విజయం సాధించింది. అయితే, పాట మరీ పొడవుగా ఉందని నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ చెప్పగా, ఆమె కొన్ని చరణాలను తొలగించవలసి వచ్చింది.

ధ్వనిముద్రణ పాటకు దూరాన్ని జయించే శక్తినిచ్చింది. పాడినవారు గతించినా వారి గొంతు నిలిచింది. కానీ కొలిచిన నిమిషాల్లో ఇమడని చరణాలు వెలుపలే మిగిలాయి. పొలంలో పాట పాడిన ప్రతిసారీ కొంత మారుతుంది. క్యాసెట్టులో అది ఒకే రూపంలో నిలిచిపోతుంది. శ్రోత ఆ రూపమే సమగ్రమనుకుంటే తక్కిన చరణాలు వృద్ధ గాయకులతోనే అంతరిస్తాయి. ఓరుగల్లు ప్రాంతానికి చెందిన ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయాలపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, వాటి సేకరణకు బాట వేశారు. ఆ బాటలో నడవడానికి పెద్ద చదువే కానక్కరలేదు. ఇంటిలోని నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి, ఆమె పాడే చరణాలన్నీ విడువక రాసుకోవడమే తొలి అడుగు.

అర్థాలు
వాగ్గేయకారుడు - పాటను తానే రచించి పాడేవాడు
బాణీ - పాట నడిచే తీరు
సమగ్రం - సంపూర్ణం
అంతరించు - నశించు

ప్రశ్నలు
1. పల్లెపాట ఊరికొక తీరుగా వినిపించడానికి కారణమేమి?
2. ధ్వనిముద్రణ వల్ల జానపద గేయానికి కలిగిన లాభనష్టాలను వివరించండి.
3. మీ గ్రామంలో వినిపించే ఒక పనిపాటను ఇద్దరి నోట విని, చరణాల్లోని భేదాలను రాయండి.