పెంపుడు తెల్ల ఎలుకలు: తొట్టె అలవాటు, లిట్టరు ఎంపిక

ఎలుక అనగానే మన ఇండ్లలో ముందుగా బోను గుర్తుకు వస్తుంది. ధాన్యానికి, దుస్తులకు, పుస్తకాలకు శత్రువైన ఈ జంతువును పంజరంలో ఉంచి మేపడమే పలువురికి వింతగా తోస్తుంది. దానికి మలవిసర్జన ఒక నియమిత స్థలంలో చేయడం అలవాటు చేయవచ్చునంటే మరింత వింతగా తోచవచ్చు. గత విద్యాసంవత్సరంలో మేము ముగ్గురు జంతుశాస్త్ర విద్యార్థులం ఈ పని చేసి చూశాము. అలవాటు చేయడంలో కృతార్థులమైనాము కాని, మరొక విషయంలో పెద్ద పొరపాటు చేశాము. ఆ పొరపాటుకు ఒక చిన్న ప్రాణం బలి అయింది. అది ఇతరులు చేయకుండా ఉండవలెననే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

తెల్ల ఎలుక వేరే జాతి కాదు. మన మురుగు కాలువలలో తిరిగే గోధుమరంగు ఎలుక, అనగా రాటస్ నార్వెజికస్, వర్ణహీన రూపమే ఇది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విస్టార్ సంస్థ 1906 నుండి పెంచిన సంతతి ప్రపంచంలోని ప్రయోగశాలలకు వ్యాపించింది. మన హైదరాబాదుకు కూడా తెల్ల ఎలుకతో చిరకాల సంబంధం కలదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ నిమిత్తం రాబర్ట్ మెక్‌కారిసన్ నాయకత్వాన ప్రారంభమైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పొందింది. భారతదేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి వాటి పెరుగుదలను మెక్‌కారిసన్ పోల్చి చూసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. మన తిండి మంచిచెడ్డలను మనకంటే ముందు తిని చెప్పినది ఈ జంతువేనన్నమాట!

కళాశాలలలో జంతువులను కోసి చూసే అభ్యాసాన్ని నిలిపివేయవలసిందిగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2014లో ఆదేశించింది. అది మంచి నిర్ణయమే. అయితే బొమ్మలో తప్ప ఎలుకను చూడని విద్యార్థి దాని ప్రవర్తనను ఎట్లా తెలుసుకుంటాడు? బ్రతికి ఉన్న ఎలుకను దాని మానాన దానిని బ్రతకనిచ్చి చూస్తే ఏమి తెలుస్తుందోనన్న కుతూహలంతో నగరంలోని ఒక దుకాణం నుండి రెండు ఆడ ఎలుకలను తెచ్చాము. ఒకదానికి ముత్యం అనీ, రెండవదానికి మోతీ అనీ పేర్లు పెట్టాము. రెండు పేర్లకూ అర్థం ఒకటే గనుక మా ముగ్గురిలో ఎవరికీ తగవు లేకపోయింది.

మాలో ఒకరి ఇల్లు పాతబస్తీలో కలదు. పంజరం అక్కడ ఉంచడానికి నిశ్చయించాము. మిత్రుని తల్లిగారు మొదట ససేమిరా అన్నారు. నమాజు చాప పరచుకునే గదికి ఆనుకొనియే ఆ వసారా ఉన్నది. చివరకు, “రఖ్ లో బేటా, మగర్ ఘర్ మే బద్బూ నక్కో” అని ఒకే ఒక షరతు విధించారు. దుర్వాసన వచ్చిన నాడు ఎలుకలు ఇల్లు విడువవలసిందే. కనుక తొట్టె అలవాటు చేయడం మాకు సరదా కాదు, అవసరమైంది.

ఈ అలవాటు గురించి ముందుగా గ్రహించవలసినది ఒకటి ఉన్నది. ఎలుకకు మనము కొత్తగా నేర్పేది చాలా స్వల్పం. తాను నిద్రించే చోటును మలినపరచకుండా, గూటికి దూరంగా ఒక మూలను మలవిసర్జనకు ఎన్నుకోవడం చాలా ఎలుకలకు స్వభావసిద్ధమే. ఆ మూల ఏదో కనిపెట్టడమే మన పని. మేము మూడు రోజులు తొట్టె పెట్టకుండా ఊరక గమనించాము. ఆహారపు గిన్నెకూ, గుడ్డపేలికల గూటికీ ఎదురుగా ఉన్న వెనుక మూలలోనే మలపు గుళికలు అధికంగా కనిపించాయి. నాలుగవ నాడు అంచు తక్కువగల చిన్న తొట్టెను అక్కడ అమర్చి, దొర్లించకుండా పంజరపు ఊచలకు తీగతో కట్టాము. చెల్లాచెదరుగా ఉన్న గుళికలను ఏరి తొట్టెలో వేశాము. మూత్రంతో తడిసిన పేలిక ముక్కను కూడా అందులోనే ఉంచాము. ఎలుకకు కన్ను మందం, ముక్కు చురుకు. తెల్ల ఎలుక విషయంలో ఇది మరింత నిజం. కావున ఇది తమ మరుగుదొడ్డి అన్న సంగతి వాటికి వాసనే చెప్పాలి.

పంజరపు నేలపై పరచినదీ, తొట్టెలో నింపినదీ ఒకే పదార్థమైతే ఎలుకకు తేడా తెలియదు. అందుచేత నేలపై పాత నూలు చీరల ముక్కలు పరచి, తొట్టెలో మాత్రం పొట్టు పోశాము. తొట్టెలోకి పోయి పని ముగించుకున్న ఎలుకకు ఆ క్షణంలోనే ఒకటి రెండు మరమరాలు అందించాము. ఆలస్యమైతే ఆ బహుమానం దేనికో దానికి బోధపడదు. బయట చేసిన తప్పుకు గద్దించడం, ముక్కును మలానికి రాయడం వంటివి పనికిరావు. అవి భయం నేర్పుతాయేగాని శుభ్రత నేర్పవు.

మూత్రం సంగతి వేరు. ఎలుకకు మూత్రం విసర్జన మాత్రమే కాదు, ఒక విధమైన భాష కూడా. నడిచిన దారిలో బొట్లు విడిచి తన ఉనికిని ఇతరులకు తెలుపుకుంటుంది. మగవాటిలో ఈ అలవాటు మరీ అధికం. దీనిని పూర్తిగా మాన్పడం సాధ్యం కాదు. అయితే తొట్టె మధ్య ఒక నున్నని గులకరాయిని పెడితే చాలా ఎలుకలు దానిపై మూత్రం విడవడానికి ఇష్టపడతాయని పెంపకందారులు చెబుతారు. మా ముత్యం విషయంలో ఇది నిజమైంది. మోతీ మాత్రం ఆ రాయిని దిండుగా వాడుకున్నది! ఇంకొక మెలకువ: పంజరమంతా ఒకేసారి కడిగితే తమ వాసన పోయిందన్న కలవరంతో అవి మరింతగా గుర్తులు పెడతాయి. ఒకనాడు తొట్టె, మరొకనాడు నేలగుడ్డలు మార్చడం మేలు.

మూడు వారాలు తిరగకుండానే గుళికలలో చాలాభాగం తొట్టెలోనే పడసాగాయి. వాసన లేదు, ఇంటిలో అభ్యంతరం లేదు. మేము మిక్కిలి గర్వించాము. పొరపాటు ఎక్కడ జరిగినదో ఇక చెబుతాము.

కోళ్ళ పెంపకం తెలిసిన వారికి లిట్టరు అనే మాట పరిచితమే. పశుపక్ష్యాదుల క్రింద తేమను పీల్చడానికి పరిచే ఊక, పొట్టు వంటి పదార్థమే అది. తొట్టె కోసం మేము ఒక కలప అడితి నుండి బస్తాడు రంపపు పొట్టు ఉచితంగా తెచ్చాము. ఉచితం గనుక ప్రశ్నించలేదు. అది ఏ చెట్టు పొట్టు? సామాను పెట్టెల చెక్కా, టేకా, జిగురుతో అతికిన ప్లైవుడ్డా? అడితిలో అన్నీ ఒకే రంపం క్రింద కోయబడి ఒకే కుప్పలో పడతాయి. అంతేకాక, అలవాటు బాగా పట్టిన మోతీ ఆ మెత్తని తొట్టెలోనే నిద్రించడం కూడా మొదలుపెట్టినది. మేము దానిని ముద్దుచేష్ట అనుకున్నాము.

కొత్త ఇంటికి వచ్చిన ఎలుకలు మొదటి రోజులలో తుమ్మడం మామూలేనని విన్నందున వాటి తుమ్ములను పట్టించుకోలేదు. నాలుగవ వారంలో మోతీ కండ్ల చుట్టూ, ముక్కు కొనపై ఎర్రని మరకలు కనిపించాయి. రక్తమని బెదిరిపోయాము. పశువైద్యులు చూసి, అది రక్తం కాదు, కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి స్రవించే పార్ఫిరిన్ అనే వర్ణకమని, జబ్బు గాని ఒత్తిడి గాని కలిగినప్పుడు అది ఎక్కువగా కనిపిస్తుందని వివరించారు. తరువాత రొమ్ముకు చెవి ఆనించి, ఊపిరిలో గురక వినిపిస్తున్నదని చెప్పారు. వారు అడిగిన మొదటి ప్రశ్న ఎలుకల ఆహారం గురించి కాదు. “క్రింద ఏమి పరిచారు?” అని అడిగారు.

మైకోప్లాస్మా పల్మోనిస్ అనే సూక్ష్మజీవి పెంపుడు ఎలుకలలో అనేకం శరీరంలో ముందుగానే దాగి ఉంటుంది. ఊపిరితిత్తులకు రాపిడి కలిగినప్పుడు అది విజృంభిస్తుంది. ఆ రాపిడి మూడు విధాల కలుగవచ్చు. మొదటిది ధూళి. ఎలుక నోటితో గాలి పీల్చలేదు. ముక్కే దానికి శరణ్యం. ఆ ముక్కు ఎల్లప్పుడూ లిట్టరుకు అంగుళం ఎత్తులోనే ఉంటుంది. రెండవది అమ్మోనియా. మూత్రంలోని యూరియాను బాక్టీరియాలు విచ్ఛిన్నం చేయగా ఈ వాయువు పుడుతుంది. గాలిలో పది లక్షల భాగాలకు 25 నుండి 250 భాగాల వరకు అమ్మోనియా ఉన్న చోట మైకోప్లాస్మా వ్యాధి ఎలుకలలో తీవ్రతరమైనదని బ్రాడర్సన్, లిండ్సే, క్రాఫర్డ్ అనే శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించారు. నిలువెత్తున ఉన్న మన ముక్కుకు వాసన తగలలేదంటే తొట్టె లోపల గాలి శుభ్రమని అర్థం కాదు. మేము మోసపోయినది ఇక్కడనే. తల్లిగారి షరతును మా ముక్కుతో కొలిచాముగాని, మోతీ ముక్కుతో కొలవలేదు.

మూడవది కలపలోని సుగంధ తైలాలు. సీడరు, పైన్ వంటి మెత్తని కలపల పొట్టుపై ఉంచిన ఎలుకలలోను, చుంచెలుకలలోను కాలేయపు ఎంజైములు అసాధారణంగా ఉత్తేజితమవుతాయని ఇలియట్ వెసెల్ 1967లో చూపించాడు. అనగా ఆ వాసనలను శరీరం విషంగా ఎంచి, వాటిని వదిలించుకోవడానికి కాలేయం శ్రమిస్తున్నదన్నమాట. మనకు హాయిగా తోచే పరిమళం పంజరంలోని ప్రాణికి అట్లా తోచనవసరం లేదు. నేల తుడిచే తెల్ల ఫినాయిలులోనూ పైన్ తైలమే ఉంటుంది. దానిని పంజరం దగ్గర వాడరాదు. తొట్టె కడగడానికి నీరు కలిపిన వెనిగరు చాలును.

వైద్యులు మందు ఇచ్చారు. ముత్యం కోలుకున్నది. మోతీ తొమ్మిదవ నాడు మరణించింది. ఈ మూడింటిలో ఏది ఎంత కారణమో మేము చెప్పలేము. మూడింటినీ ఒకే బస్తాలో మోసుకొని వచ్చినది మాత్రం మేమే.

మరి ఏమి పరచవలెను? దుకాణదారు పిల్లుల లిట్టరు తీసుకొమ్మన్నాడు. ఇది బంకమట్టి గుళికల సరుకు. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి పిల్లుల కోసం ఎండిన మట్టి గుళికలు అమ్మడంతో ఈ వర్తకం ప్రారంభమైంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చే ఉండకట్టే రకాలలో మన కచ్ ప్రాంతంలో దొరికే బెంటొనైట్ వంటి మట్టి ఉంటుంది. అది నీరు తగిలితే ఉబ్బి ముద్ద అవుతుంది. పిల్లి మట్టిని కప్పి వెళ్ళిపోతుంది. ఎలుక ప్రతిదానినీ కొరికి చూస్తుంది, కాళ్ళు నాకుతుంది. పైగా ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. మ్రింగిన మట్టి ప్రేగులో ఉబ్బితే గతి ఏమి? పరిమళం కలిపిన రకాలైతే చెప్పనే అక్కరలేదు.

వరి ఊక మన ప్రాంతంలో చౌక. మన దేశపు ప్రయోగశాలలలో దీనిని శుద్ధిచేసి విరివిగా వాడతారు. “శుద్ధిచేసి” అన్న మాట ముఖ్యం. మిల్లులలో ఊక కుప్పలపై అడవి ఎలుకలు తిరుగుతాయి. పురుగులూ, పేలూ, రోగాలూ దానితోపాటే వస్తాయి. ప్రయోగశాలలో 121 డిగ్రీల ఆవిరిపై ఉంచుతారు. ఇంటి ప్రెషర్ కుక్కరులో ఊక ఉడికించుకుంటామని మేము అడిగినప్పుడు మిత్రుని తల్లిగారు మమ్ములను చూసిన చూపు ఇక్కడ వర్ణించనలవి కాదు. ఊకలో ధూళి కూడా కలదు, తేమను పీల్చే గుణం తక్కువ. కోనసీమ కొబ్బరిపీచు పొట్టు తేమను బాగా పీల్చుతుంది కాని, ఎండితే దుమ్ము, నానితే బూజు.

చివరకు మాకు కుదిరినది కాగితం. నునుపు పూతలేని కాగితాన్ని చించి, పిన్నులు తీసివేసి, గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం దానిని పిసికి, నీళ్ళు రెండు మూడుసార్లు మార్చి, గట్టిగా పిండి, వేళ్ళతో పొడిపొడిగా విడదీసి మేడపై ఎండలో ఆరబెట్టాలి. వేసవిలో ఒక పూట చాలును. వర్షాకాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. పూర్తిగా ఎండనిది వాడితే బూజు పడుతుంది. ఈ ఉండలు తేమను పీల్చుకుంటాయి, ధూళి లేవదు, కొరికినా కొద్దిపాటికి హాని లేదు. మా రికార్డు పుస్తకాల చిత్తు ప్రతులన్నీ ఈ విధంగా సద్వినియోగమైనాయి. తడిసిన భాగాన్ని ప్రతిదినం తీసివేసి, రెండు మూడు రోజులకు ఒకసారి మొత్తం మార్చుతున్నాము. పరీక్షించడానికి ఇప్పుడు వంగి, తొట్టె అంచున ముక్కు పెట్టి వాసన చూస్తాము.

తీసివేసిన లిట్టరును ముట్టిన తరువాత సబ్బుతో చేతులు కడగాలి. లెప్టోస్పైరా అనే రోగజీవి ఎలుకల మూత్రపిండాలలో నివసించి మూత్రం ద్వారా వెలువడి మనుష్యులకు ఎలుక జ్వరం కలిగించగలదు. చేతికి గాయమున్నవారు ఈ పని మరొకరికి అప్పగించాలి. వీధి ఎలుకలు పంజరం వద్దకు చేరకుండా చూడాలి. వాడిన కాగితాన్ని మేము పూలమొక్కల పాదులో పూడ్చుతాము, ఆకుకూరల మడిలో వేయము.

ఎలుక ఒంటరిగా బ్రతకజాలదు గనుక ముత్యానికి తోడుగా మరొక పిల్ల ఎలుకను తెచ్చాము. రెండు వారాలు వేరే గదిలో ఉంచి, తుమ్ము లేదని నిర్ధారించుకున్న పిదపనే కలిపాము. దానికి మేము ఏమీ నేర్పలేదు. ముత్యం వెళ్ళే మూలకే అదీ వెళ్ళినది. నిద్రకు మాత్రం ఒక మట్టికుండను పక్కకు వాల్చి, లోపల పేలికలు నింపి ఎదురు మూలలో పెట్టాము. ఇప్పుడు తొట్టెలో ఎవరూ పడుకోవడం లేదు.