బాలబోధ – కావ్యగౌరవము

బాలుర కొఱకు రచింపబడిన గ్రంథము కావ్యకోటిలో చేరునా యను ప్రశ్నకు ముందు 'బాల' శబ్దార్థము నిర్ణయింపదగినది. అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలుర సుఖబోధకై రచించుచున్నట్లు చెప్పెను. అచట బాలుడనగా స్తనంధయుడు కాడనియు, గ్రహణధారణములందు సమర్థుడనియు వ్యాఖ్యాతలు వివరించిరి. కావున బాలత్వము బుద్ధిహీనత కాదు. శాస్త్రమునందలి అపరిచయము మాత్రమే.

పంచతంత్రము ఇందుకు ప్రధానలక్ష్యము. అమరశక్తి మహారాజు కుమారులను ఆఱు నెలలలో నీతివిదులను గావించుటకు విష్ణుశర్మ చెప్పిన కథలుగా ఇది వెలసినది. 6వ శతాబ్దమున పహ్లవీ భాషలోనికిని, 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫాచే అరబ్బీలోనికిని పరివర్తిత మయ్యెను. 12వ శతాబ్దమున హేమచంద్రుడు కావ్యానుశాసనమున కథాభేదములను చెప్పుచు, 'నిదర్శన'మునకు దీనినే ఉదాహరించెను. పశుపక్ష్యాదుల చేష్టల మూలమున కార్యాకార్యములను తెలుపునది నిదర్శనము. బోధనప్రయోజనమును తొలగింపక, ఆ బోధించు రీతినే కావ్యభేదముగా లాక్షణికుడు గుర్తించుట గమనింపదగినది.

తెలుగున దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథుడును పంచతంత్రమును పద్యకావ్యముగా సంతరించిరి. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను విద్యార్థులకై గద్యమున రచించెను. మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే ఆయన రచించినవి. సంధివిగ్రహములను పిమ్మట కందుకూరి వీరేశలింగము రచించెను. పాఠ్యగ్రంథముగా పుట్టినది ఇట్లు అనుసరణీయమై, గ్రాంథికగద్యమునకు లక్ష్యముగా నిలిచెను. సూరి బాలవ్యాకరణము సైతము బాలుర పేర వెలసి పండితులకు ప్రమాణ మయ్యెను.

అయితే ఈ గౌరవమునకు వెనుక ఒక నష్టము కలదు. సంధులు, సమాసములు, ప్రయోగవిశేషములు విచారణీయములైన కొలది కథ మఱుగుపడెను. టీకయు గురువును లేక విద్యార్థి ఆ గ్రంథమును చదువజాలని స్థితి యేర్పడెను. పండితుల మన్నన పెరిగినపుడు, ఎవరి కొఱకు గ్రంథము పుట్టెనో వారే దానికి దూరమైరి.

కాంతాసమ్మితోపదేశము కావ్యప్రయోజనమని మమ్మటుడు చెప్పెను. మిత్రభేదమున పింగళకుడు సంజీవకుని చంపి దుఃఖించును. భేదము కల్పించిన దమనకుడు శిక్షింపబడక ఆ రాజునే ఓదార్చును. నీతిని సూత్రముగా విధింపక, ఈ వైషమ్యమును శ్రోత యెదుట నిలుపుటలోనే ఆ కథ కావ్యత్వము కలదు. పదవిభాగముతో పాఠము ముగించిన నాడు అది బాలునికి అందదు. దమనకునకు దండన మేల కలుగలేదని బాలుడు ప్రశ్నించునట్లు బోధించిన యెడల, గ్రంథము బాలునికిని, కావ్యమునకును దక్కును.