వడదెబ్బ

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. మండువేసవి వారికి కొత్త కాదు. అయినను 2015 మే నెలలో వీచిన వడగాలులు దేశమున 2,000 మందికి పైగా బలిగొనగా, వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారే. పలువురు ఎండలో పనిచేయు కూలీలు, వృద్ధులు. అలవాటుపడిన ఎండయే ఇందరిని ఎట్లు చంపినది?

మానవ శరీరపు వేడిమి సుమారు 37 డిగ్రీలు. చుట్టునున్న గాలి అంతకంటె వేడియైనప్పుడు శరీరమునకు మిగులు రక్షణ చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరియగుచు తీసికొనిపోవు వేడి, దాదాపు ఆరు లీటర్ల మంచునీటిని మరగించుటకు చాలును. కాని చెమట ఒంటిమీద ఆరిననే ఈ మేలు. కారి నేలపాలైన చెమట వలన ప్రయోజనము స్వల్పము. అందుచేతనే, పల్నాటి రెంటచింతలలో ఉష్ణమాపకము చూపు అంకె పెద్దదైనను, గాలిలో తేమ నిండిన సముద్రతీరపు ఉక్కపోతను తేలికగా తీసికొనరాదు.

చర్మమును చల్లార్చుటకై గుండె అటు అధికముగా రక్తమును పంపవలసి యుండును. చెమటతో ఒంటిలోని నీరు తరిగినకొలది దాని శ్రమ హెచ్చును. బలహీనమైన గుండె ఆగిపోవును. అప్పుడు మరణకారణము గుండెజబ్బని వ్రాయబడును. ఎండ పేరు ఎక్కడను కనబడదు. ఇట్టి మరణములను పట్టుటకు వేరొక లెక్క కలదు. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున వేడి 46.8 డిగ్రీలకు చేరినది. ఆ నెలలోని మరణములను ఇతర సంవత్సరముల మే నెలలతో పోల్చి చూడగా 1,344 అధికముగా తేలినవి. పిమ్మట 2013లో ఆ నగరము ముందుగా హెచ్చరించుటకును, మంచినీరు అందించుటకును, వైద్యులకు శిక్షణ ఇచ్చుటకును ఒక ప్రణాళికను ఏర్పరచుకొన్నది. అయితే హెచ్చరిక విని నీడకు చేరుట దినకూలికి సులభము కాదు. నీడలో కూర్చున్ననాడు అతనికి కూలి దొరకదు. కావున పనివేళలను తెల్లవారుజామునకు మార్చుట మంచినీటి కుండవలెనే అవసరము.

శరీరపు వేడి 40 డిగ్రీలు మించి, మాట తడబడి, ఎదుటివారిని గుర్తింపలేకపోయినచో అది వడదెబ్బ. చెమట నిలిచిపోయిననే వడదెబ్బ యనుకొనుట పొరపాటు. పనిచేయుచు పడిపోయినవానికి చెమట పట్టియే యుండవచ్చును. వెంటనే 108కు ఫోను చేయించి, రోగిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు నీళ్లు పోసి విసరవలెను. మెడపై, చంకలలో మంచుముక్కలు ఉంచవచ్చును. స్పృహ లేనివాని నోట మంచినీరైనను, మజ్జిగయైనను పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వాహనము వచ్చువరకు ఒంటిపై నీళ్లు పోయుట మానరాదు.