రక్తపు బొట్టు నుండి అంకె వరకు

మధుమేహ రోగి ఉన్న ఇంట వేలిని సూదితో గుచ్చి, రక్తపు బొట్టును చిన్న పట్టీకి అద్ది, క్షణాలలో కనిపించే అంకెను బట్టి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకోవడం నిత్యకృత్యం. అంకె తప్పయితే మోతాదు తప్పుతుంది. పట్టీలోని రసాయనాన్ని గురించి చాలామంది విని ఉంటారు. ఆ అంకెను తయారుచేసే ఎలక్ట్రానిక్ వలయాన్ని పట్టించుకునేవారు తక్కువ.

మూలసూత్రం పాతదే. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఎలక్ట్రోడుకు జతచేసి గ్లూకోజును కొలవవచ్చునని 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ప్రతిపాదించారు. గ్లూకోజు ఆక్సీకరణం చెందినప్పుడు వెలువడే ఎలక్ట్రానులే విద్యుత్ ప్రవాహమవుతాయి. పట్టీలో అది మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. 2001లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లీబర్ బృందం సిలికాన్ నానో తీగనే బయోసెన్సరుగా వాడి చూపింది. తీగను అంటుకొన్న అణువుల విద్యుదావేశం వల్ల తీగ వాహకత మారుతుంది. అయితే సెన్సరు చిన్నదయ్యే కొద్దీ సంకేతమూ చిన్నదవుతుంది. ఇక్కడ లెక్క నానో ఆంపియర్లలో, అంటే ఆంపియరులో వంద కోట్లవ వంతులలో.

ఇంత స్వల్ప ప్రవాహాన్ని ముందుగా వోల్టేజిగా మార్చాలి. ఆపరేషనల్ యాంప్లిఫయరుకు 10 కోట్ల ఓముల నిరోధకాన్ని జోడిస్తే 1 నానో ఆంపియరు 0.1 వోల్టు అవుతుంది. నిరోధం పెరిగితే రొద కూడా పెరగదా అన్న సందేహం సహజం. పెరుగుతుంది. కాని నిరోధం 100 రెట్లయితే సంకేతం 100 రెట్లు పెరుగుతుంది, ఉష్ణం వల్ల పుట్టే రొద 10 రెట్లే పెరుగుతుంది. అందుచేత పెద్ద నిరోధకమే మేలు. వలయం కాస్త మందగించడం దానికి చెల్లించే మూల్యం.

అంతకన్నా మాయదారి శత్రువు తేమ. సర్క్యూట్ బోర్డుపై ఒక వేలిముద్ర పడినా అందులోని ఉప్పు తేమను పీల్చి దొంగదారి తెరుస్తుంది. ఆ దారి నిరోధం 100 కోట్ల ఓములున్నా సరే, 1 వోల్టు తేడాకు 1 నానో ఆంపియరు పారుతుంది. అసలు సంకేతమూ అంతే కదా! దీనికి విరుగుడుగా సున్నితమైన బిందువు చుట్టూ రాగి వలయాన్ని కంచెగా గీసి, దానిని ఆ బిందువు వోల్టేజిలోనే ఉంచుతారు. తేడా లేనిచోట ప్రవాహం లేదు.

ఇక గోడలలోని విద్యుత్ తీగలు. వాటి ప్రవాహం అమెరికాలో సెకనుకు 60 సార్లు, భారతదేశంలో 50 సార్లు ఊగుతుంది. ఆ ఊగిసలాట సంకేతంలోకి చొరబడుతుంది. సంకేతాన్ని సరిగ్గా 0.1 సెకను సేపు కూడితే, ఆ వ్యవధిలో మొదటిది 6 పూర్తి ఆవర్తనాలు, రెండవది 5 పూర్తి ఆవర్తనాలు చేస్తుంది. ప్రతి ఆవర్తనంలోనూ పైకెంతో కిందికంతే కనుక మొత్తం సున్నా. ఈ ఒక్క ఉపాయంతో ఒకే పరికరం డాలస్‌లోనూ గుంటూరులోనూ గోడ తీగల రొదను వదిలించుకోగలదు.

వలయం చేయలేనిదీ ఒకటుంది. రక్తంలోని లవణ అయానులు అణువు ఆవేశాన్ని ఒక నానో మీటరు లోపలే కప్పివేస్తాయి. నానో తీగదాకా చేరని సంకేతాన్ని ఎంత మంచి యాంప్లిఫయరైనా పెంచలేదు. ఇళ్ళలో నేటికీ ఎంజైము పట్టీలే చెలామణిలో ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.