నాలుగు టేబుళ్లా, నాలుగింతల పందెమా? సంభావ్యత చెప్పే తేడా

ఆన్‌లైన్ పోకర్‌లో లాభపడుతున్న ఆటగాడు రాబడిని ఇంకా పెంచుకోవాలనుకుంటే రెండు దారులుంటాయి. అదే పందెంతో ఒకేసారి నాలుగు టేబుళ్ల మీద ఆడవచ్చు. లేదా ఒకే టేబుల్ మీద పందేన్ని నాలుగింతలు చేయవచ్చు. సగటు రాబడి రెండింటిలోనూ ఒకటే కావచ్చు. ప్రమాదం మాత్రం ఒకటి కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలోని న్యూజెర్సీ, నెవాడా రాష్ట్రాల్లో 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్‌కు చట్టబద్ధ అనుమతి ఉంది. అక్కడ ఒక ఆటగాడి దగ్గర 2,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. అతడు ఎంచుకున్న టేబుల్‌లో తప్పనిసరి పందెం, అంటే బిగ్ బ్లైండ్, 1 డాలర్. ప్రతి 100 పంపకాలకు అతడికి సగటున 4 డాలర్లు మిగులుతాయి. కానీ ఏ వంద పంపకాల్లోనూ లెక్క సరిగ్గా అంతే తేలదు. ఈ హెచ్చుతగ్గుల కొలతే ప్రామాణిక విచలనం. పరిమితి లేని పోకర్‌లో అది 90 డాలర్ల దాకా ఉండడం మామూలే. అంటే లాభం కన్నా ఊగిసలాట ఇరవై రెట్లకు పైమాటే.

సగటు ఒకటే, ఊగిసలాట వేరు

ఒక టేబుల్‌లో 100 పంపకాలు పూర్తయ్యే సమయంలో నాలుగు టేబుళ్లలో 400 పూర్తవుతాయి. సగటు లాభం 16 డాలర్లు. ఒక టేబుల్‌లో నష్టం వచ్చినప్పుడు మరోదానిలో లాభం రావచ్చు కాబట్టి ప్రామాణిక విచలనం నాలుగు రెట్లు పెరగదు. నాలుగు వర్గమూలమైన రెండు రెట్లే పెరిగి 180 అవుతుంది. పందేన్ని నాలుగింతలు చేసినా సగటు 16 డాలర్లే. అయితే ప్రతి గెలుపూ, ప్రతి ఓటమీ నాలుగింతలవుతాయి. అందువల్ల విచలనం 360కి చేరుతుంది.

దివాలా లెక్క

పందెం మార్చకుండా ఆడుతూ పోతే ఎప్పటికైనా చేతి డబ్బంతా పోయే అవకాశం ఎంత? సగటు లాభాన్ని మూలధనంతో గుణించి, రెట్టింపు చేసి, విచలనం వర్గంతో భాగించాలి. ఈ సంఖ్య పెరిగేకొద్దీ దివాలా అవకాశం వేగంగా పడిపోతుంది. ఒక టేబుల్‌కు అది దాదాపు 2. దివాలా అవకాశం సుమారు 14 శాతం. నాలుగు టేబుళ్లలో లాభమూ, విచలనం వర్గమూ రెండూ నాలుగింతలవుతాయి కాబట్టి 14 శాతం మారదు. నాలుగింతల పందెంలో మాత్రం అది 61 శాతానికి చేరుతుంది.

బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త జాన్ కెల్లీ 1956లో ప్రతిపాదించిన సూత్రం కూడా ఇదే హెచ్చరిక చేస్తుంది. దాని ప్రకారం 1 డాలర్ ఆటకు ఈ ఆటగాడి దగ్గర 8,100ని 4తో భాగిస్తే వచ్చే 2,025 డాలర్లు ఉండాలి. అంటే అతడు ఇప్పటికే హద్దు మీద ఉన్నాడు. మూలధనంతో పోల్చి పందేన్ని ఈ హద్దుకు రెండింతలు దాటించి కొనసాగిస్తే, సగటు లాభం ఉన్నా దీర్ఘకాలంలో డబ్బు కరిగిపోతుంది.

దృష్టి చెదిరితే

నాలుగు టేబుళ్ల లెక్క ఒక షరతు మీద నిలబడింది: ఒక్కో టేబుల్‌లో ఆట నాణ్యత తగ్గకూడదు. లాభం 4 నుంచి 2.5 డాలర్లకు పడిపోతే మొత్తం 10 డాలర్లు వస్తాయి, దివాలా అవకాశం 29 శాతమవుతుంది. 1 డాలర్‌కు పడిపోతే వచ్చేది 4 డాలర్లే, ప్రమాదం 61 శాతం. అంటే రాబడి ఒక టేబుల్‌ది, ప్రమాదం నాలుగింతల పందెంది! ఒకచోట ఓడిన కోపం మిగతా టేబుళ్లకు పాకితే, ఫలితాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న ఊహ కూడా చెల్లదు. మరోవైపు పందెం పెంచితే ఎదురయ్యేది సాధారణంగా మరింత గట్టి ఆటగాళ్లే.

ఆ 4 డాలర్లు నిజమేనా?

10,000 పంపకాల తర్వాత కూడా 100 పంపకాల సగటు అంచనాలో ప్రామాణిక దోషం 9 డాలర్లు. 4 డాలర్ల లాభం నైపుణ్యమో అదృష్టమో అప్పటికీ తేలదు. దోషాన్ని 2 డాలర్లకు తగ్గించాలంటే సుమారు 2 లక్షల పంపకాలు కావాలి. ఒక మంచి నెలను చూసి పందెం పెంచడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు సగటు సున్నా కన్నా తక్కువైతే ఈ ఎంపికకు అర్థమే లేదు. నిర్వాహకులు పందెం సొమ్ములో వాటా తీసుకుంటారు కాబట్టి ఆటగాళ్లందరినీ కలిపి చూస్తే మిగిలేది నష్టమే. నష్టపోయే ఆటగాడు టేబుళ్లు పెంచినా, పందెం పెంచినా జేబు ఖాళీ అయ్యే రోజు ముందుకు జరుగుతుంది, అంతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా వాటిని నిషేధించింది.

ఈ గణితం మాత్రం పేకాటకే పరిమితం కాదు. బీమా సంస్థ ఒకే పెద్ద పాలసీకి బదులు వేలాది చిన్న పాలసీలు రాయడంలోనూ, రైతు ఉన్న పొలమంతా ఒకే పంట వేయకపోవడంలోనూ ఉన్నది ఇదే సూత్రం. కానీ ఒకే తుఫాను అన్ని పంటలనూ ముంచగలదు. విడివిడిగా కనిపించేవి నిజంగా విడివిడివేనా అన్నది ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న.