పాలపిట్ట ఛాయాపటము

ఆఫ్రికాఖండమునందలి కెన్యా, టాంజానియా దేశముల గడ్డిమైదానములకు సింహములను, ఏనుగులను చూడబోవు యాత్రికులు అచట నొక చిన్న పక్షి కనబడినంతనే బండి నిలిపించి కెమెరా పైకెత్తుదురు. ఆ పక్షి రొమ్ము లేత ఊదావన్నె, రెక్కలు నీలము. అది మన పాలపిట్టకు దగ్గర చుట్టము. పక్షిశాస్త్రజ్ఞులు ఈ రెంటిని కొరేసియస్ అను నొకే ప్రజాతియందు చేర్చియున్నారు. దూరదేశమున విశేష ధనము వెచ్చించి చూచెడి యంతటి సొగసు నిజామాబాదునుండి బోధనుకు పోవు బాట ప్రక్కనే తీగెలపై కూర్చుండగా, మనము తలయెత్తి చూడకుండుట వింత గాదా?

మంజీరానదిపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరపు కాలువలచే ఈ ప్రాంతమునకు వరి, చెరకు పంటలు సమృద్ధిగా కలిగెను. బోధనులో 1937లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. చెరకుతోటలు తగ్గినను పాలపిట్ట మాత్రము మన పొలములను విడువలేదు. మిడుతలు, పురుగులు దాని ముఖ్యాహారము గనుక రైతునకది చెలికాడు. తెలంగాణమునకు రాష్ట్రపక్షియు నదియే.

కూర్చున్న పాలపిట్టను దూరమునుండి చూచినచో గోధుమవన్నెయే ఎక్కువగా కనబడును. ఎగిరినప్పుడే రెక్కలలోని ముదురు నీలము, లేత నీలము పూర్తిగా బయటపడును. ఆశ్చర్యమేమన, ఆ యీకలలో నీలిరంగు పదార్థమే లేదు. ఈకలోని మిక్కిలి సూక్ష్మమైన నిర్మాణము వెలుగును చెదరగొట్టుటవలన ఆ నీలము పుట్టుచున్నది. సర్ సి. వి. రామన్ గారు పాలపిట్ట యీకలను పరీక్షించి 1934లో ఈ విషయమై వ్యాసము ప్రకటించిరి. ఈకకు వెనుకనుండి వెలుగు వచ్చినచో నీలము మాసిపోవును. కావున సూర్యుడు మన వీపువైపున ఉండవలెనను ఛాయాగ్రాహకుల నియమము ఈ పక్షి విషయమున మిక్కిలి ముఖ్యము.

మేము నేర్చిన పద్ధతి యిది. సూర్యోదయమైన రెండు గంటల లోపల పటము తీయవలెను. మధ్యాహ్నపు టెండలో రంగులు వెలవెలబోవును. పక్షులు సాధారణముగా గాలి కెదురుగా లేచును. కావున సూర్యుడును, గాలియు మన వెనుక నున్నచో పక్షి మనవైపు ఎగురును. కెమెరా తెర సెకనులో 2000వ వంతు కాలము మాత్రమే తెరచుకొనునట్లు అమర్చినచో రెక్కలు స్పష్టముగా పడును. దూరమును దగ్గర చేయు కటకము 300 మిల్లీమీటర్లది చాలును. పక్షి కంటిపై గురి నిలుపవలెను. పాలపిట్ట నేలపై పురుగును పట్టి తరచు తన పూర్వస్థానమునకే వచ్చును. కనుక వెంటబడి తరుముటకంటె కదలక వేచియుండుట మేలు.

ఈ కడపటి మాటను మేము తప్పు చేసి నేర్చితిమి. ఒక వేసవిలో విద్యార్థులతో గూడి పోవుచు, పొలముగట్టున మోడువారిన తాటిచెట్టు తొఱ్ఱలో పాలపిట్ట గూడును కనుగొంటిమి. మంచి పటము దొరకునను ఆశతో చెట్టుక్రిందనే నిలిచితిమి. ముక్కున పురుగును కఱచుకొని వచ్చిన పెద్ద పక్షి గూటిని చేరక, దూరపు తీగెపై కూర్చుండెను. తొఱ్ఱలో పిల్లల కూతలు వినబడుచునే యుండెను. అరగంట గడచినను అది కదలలేదు. అప్పుడొక చిన్న విద్యార్థి, “సార్, మనము పోయినగాని పిల్లలకు మేత అందదు” అనెను. మేము సిగ్గుపడి మరలితిమి. నూరడుగులు నడచునంతలో పక్షి తొఱ్ఱలోనికి దూరెను. అది మొదలు మార్చి నెలనుండి జూను వరకు గూళ్ళను సమీపింపరాదని నియమము చేసికొంటిమి.

ఇంతకంటె బాధాకరమైనది దసరానాటి సంగతి. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి నమ్మకము. స్వేచ్ఛగా తిరుగు పక్షిని ఊరివెలుపలికి పోయి చూచుటయే ఆ యాచారము. కాని కొందరు దానిని ముందుగానే పట్టి, రెక్కలు కట్టి, పంజరమున బెట్టి, పైకమునకై వీధులలో చూపుచుందురు. ఆకలిచేతను, గాయములచేతను కొన్ని చచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్లు పట్టుట నేరము. చూచుటకు పైక మిచ్చువారు లేనిచో పట్టువారును ఉండరు.

1931లో సాలిం ఆలీ గారు హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలింప బూనిన కాలమున, పక్షులను తుపాకితో కొట్టి చర్మములను భద్రపరచుట శాస్త్రపద్ధతిగా నుండెను. నేడు ఆ పనిలో చాల భాగము కెమెరా చేయుచున్నది. పటము తీసిన దినమును, స్థలమును వ్రాసియుంచినచో అది శాస్త్రమునకును ఉపకరించును.

కావున విద్యార్థులారా, రాబోవు దసరాకు తలిదండ్రులను వెంటబెట్టుకొని పొలములవైపు నడువుడు. పంజరపు పిట్టను చూపువానికి పైక మీయకుడు. తీగెపై పాలపిట్ట కనబడినచో కదలక నిలిచి, అది తనంత తానెగిరినప్పుడు పటము తీయుడు. కెమెరా లేనివారు కన్నులార చూచి, చూచినది వ్రాయుడు. దినము, స్థలము చేర్చి పంపినచో వచ్చు సంచికలో వానిని ప్రకటింతుము.