ఊరిబాటపై సూర్యకుటుంబము
రామగుండము చెంత జ్యోతినగరమున విద్యుత్కేంద్రము మండించు సింగరేణి బొగ్గు, కోట్ల యేండ్ల క్రిందటి అడవులు దాచిన ఎండయే. 2022 నుండి అచ్చటి జలాశయముపై తేలు పలకలు 100 మెగావాట్ల సామర్థ్యముతో నేటి ఎండను విద్యుత్తుగా మార్చుచున్నవి. సూర్యుని పాఠమునకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ మేమున్నది?

దూరములు మాత్రము గోడబొమ్మతో తెలియవు. గ్రహములన్నియు ఇరుగుపొరుగిండ్లవలె కనిపించును. చుట్టుపట్ల పంచాయతీల సభ్యులు ఊరిబాటను ఒకపూట బడికి అప్పగింపవలెనని మా మనవి. మొదట మీటరు వెడల్పున సూర్యుని ముగ్గుతో వేయించుడు. ఆ కొలతలో భూమి సెనగగింజ. 107 మీటర్ల దూరము. బృహస్పతి దానిమ్మపండు, అరకిలోమీటరు దాటవలెను. నెప్ట్యూను నిమ్మకాయ, మూడు కిలోమీటర్లకు పైగా, పొరుగూరి పొలిమేరలో!

బడిగోడపై తొమ్మిది గ్రహములున్నచో దిద్దించి ఎనిమిది చేయించుడు. 2006లో శాస్త్రజ్ఞులు ప్లూటోను మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించిరి. కోవెలలోని నవగ్రహముల లెక్క వేరు. అందు సూర్యచంద్రులున్నారు, భూమి లేదు.